అవ్వ చెంబు, నీళ్ల బల్ల

ఉరికితే అయిపోతది గద?

ఈ ప్రశ్న వినీ వినీ నాకు విసుగొచ్చింది. అందుకే ముందే తేల్చేస్తున్నాను. నేను నడక పందేల్లో ఉన్నన్నాళ్లూ, బెల్లంపల్లిలో మాకు పాలు పోసే మనిషి నుంచి కరీంనగర్‌లో ఎముకల డాక్టరు దాకా అందరూ అడిగింది ఇదొక్కటే. అంత కష్టపడి నడిచే బదులు ఉరకొచ్చు కదా అని. ఉరకొచ్చు. వంట చేసుకునే బదులు రోజూ హోటల్లో తినొచ్చు. బట్టలు ఉతికే బదులు కొత్తవి కొనుక్కోవచ్చు. ఉరకడం వేరే పోటీ, దానికి వేరే మనుషులున్నారు. మాది నడక.

కొత్తగా వచ్చే పిల్లల కోసం ఒక్కసారి చెప్తాను, మళ్లీ అడగొద్దు. నడక పందెంలో రెండే నియమాలు. ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉన్నట్టు కంటికి కనిపించాలి. ముందుకు వేసిన కాలు నేలకు తగిలినప్పటి నుంచి ఒంటి బరువు దాని మీదికి వచ్చేదాకా మోకాలు వంగకూడదు. దారి పొడుగునా జడ్జీలు నిలబడి మన కాళ్లనే చూస్తుంటారు. పసుపు అట్ట చూపిస్తే జాగ్రత్తపడమని అర్థం. ముగ్గురు జడ్జీలు ఎవరికి వారు ఎర్ర కార్డు రాస్తే మూట సర్దుకుని ఇంటికి పోవడమే. మోకాలు వంచకుండా వేగంగా నడిస్తే నడుము అటూ ఇటూ తిరుగుతుంది. దాన్ని చూసి జనం నవ్వుతారు. నవ్వనీ.

నేను ఇరవై కిలోమీటర్ల నడకలో రాష్ట్రానికి చాలాసార్లు మొదటి స్థానంలో వచ్చాను. దేశంలోనూ మొదటి స్థానం చూశాను. ఆ పతకాలు గోడ అల్మారాలో ఉన్నాయి, దుమ్ము నేనే తుడుస్తాను. వాటి గురించి రాయడానికి కూర్చోలేదు. ఈ పనిలో నేను గట్టిగా కోరుకున్నది ఒకటే. మా అవ్వ, అంటే మా అమ్మ, దారి పక్కన నిలబడి నా నడక చూడాలని. ఒకసారి వచ్చి చూసింది. ఆ తర్వాత చాలా ఏళ్లు రాలేదు, ఎంత బతిమాలినా రాలేదు. ఎందుకు రాలేదో, అందులో ఎవరెవరి నిర్లక్ష్యం ఉందో చెప్తాను. చదువుతుంటే నేను కోపంగా ఉన్నట్టు అనిపిస్తే, అవును, కోపంగానే ఉన్నాను.

చారు గిన్నె

మా నాన్న, మా బాపు, బొగ్గు గనిలో ఫిల్లరు. అంటే పేల్చిన బొగ్గును తట్టలకెత్తి టబ్బుల్లో నింపే పని. అవ్వది ఇచ్చోడ దగ్గర పల్లె, పెళ్లయ్యేదాకా పత్తి చేన్లలోనే పెరిగింది. మేము కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. బాపు ముందే పోయి హాజరు వేయించుకునేవాడు. అవ్వ వంట అప్పటికి అయ్యేది కాదు. వేడి వేడి చారు గిన్నె పట్టుకుని నేను వెనకాలే పోయి, బాపు గనిలోకి దిగేలోపు గేటు దగ్గర అందించాలి. పరుగెత్తితే చారు ఒలికిపోతుంది. మెల్లగా పోతే బాపు దిగిపోతాడు. అట్లా నాకు ఈ నడక వచ్చింది. ఎవరూ నేర్పలేదు.

మా బడిలో ఆటలు నేర్పే సాయిలు సారు ఒకరోజు సైకిల్ మీద నా వెనకే వచ్చి, నన్ను ఆపి గిన్నె మూత తీసి చూశాడు. నేను భయపడ్డాను. ఆయన నా కాళ్ల వంక చూసి, "నువ్వు ఉరుకుతలేవు గని సైకిలోన్ని పరేషాన్ చేస్తున్నవ్" అన్నాడు. మర్నాటి నుంచి నన్ను గ్రౌండుకు పిలిచాడు. ఈ సారు గురించి ముందు ముందు మంచీ చెడూ రెండూ చెప్పాల్సి ఉంది.

బండి ఆపేవాళ్లు

మా దిక్కున రోడ్డు మీద సాధన చేయడం ఎంత కష్టమో బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. కష్టం ఎండ కాదు, లారీల దుమ్ము కాదు. మనుషుల మంచితనం. సెలవుల్లో ఇచ్చోడ దగ్గర అమ్మమ్మ ఇంటికి పోయి హైవే పక్కన నడిచేదాన్ని. కిలోమీటరుకొక బండి ఆగేది. బస్సు తప్పిందా బిడ్డా, ఎక్కు అనేవాళ్లు. నేను సాధన చేస్తున్నానని చెప్తే ఏం సాధన అనేవాళ్లు. నడక అంటే, నడకకు సాధన ఏందని, ఇంట్లో గొడవపడి వచ్చానేమోనని అనుమానపడేవాళ్లు. ఒక ముసలాయన మోపెడ్ మీద చాలా దూరం నా పక్కనే వచ్చి, మా అమ్మమ్మ ఇల్లు కనుక్కుని, పిల్ల కోపం మీద ఉంది, జర చూసుకోండి అని అప్పజెప్పి పోయాడు. అమ్మమ్మ ఆయనకు చాయ్ ఇచ్చి పంపింది.

ఇంక నీళ్లు. చేన్లో కలుపు తీసే ఆడవాళ్లు నన్ను చూస్తే గట్టు మీదికి వచ్చేసేవాళ్లు. ఎండలో పోయే మనిషిని నీళ్లియ్యకుండా పంపడం మా దగ్గర లేదు. ఎవరు ఇచ్చినా వద్దనడం కూడా లేదు. వద్దంటే, మా చేతి నీళ్లు తాగవా అని మొఖం చిన్నబుచ్చుకుంటారు. అవ్వ ఈ విషయంలో అందరికంటే మొండి. క్వార్టర్ ముందు నుంచి పోస్ట్‌మాన్ పోతే ఆపి మజ్జిగ ఇచ్చేది. దారిన పోయేవాడు దాహంతో పోయాడని తెలిస్తే ఆమెకు ఆ పూట అన్నం సయించేది కాదు.

అందుకని నేను చిన్నప్పటి నుంచీ నడుస్తూనే చెయ్యి చాపి తీసుకుని, తాగి, గ్లాసు తర్వాతి గట్టు మీద పెట్టిపోవడం నేర్చుకున్నాను. బెల్లంపల్లి దగ్గర రోడ్డు మీద సాధన చేయించేటప్పుడు సాయిలు సారు అది చూశాడు. ఒక్కసారి కాదు, పదిసార్లు చూశాడు. ఇది గుర్తు పెట్టుకోండి.

కట్ట మీద

కరీంనగర్‌లో మానేరు డ్యాం కట్ట రోడ్డు మీద రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. పెట్టింది ఎండాకాలంలో. ఎవరి తెలివో నాకు ఇప్పటికీ తెలియదు. గెలిచినవాళ్లు జాతీయ పోటీలకు పోతారు. అక్కడ మంచి స్థానం వస్తే కంపెనీలో ఆటల కోటాలో ఉద్యోగం వచ్చే వీలుంది. బాపుకు అప్పటికే బొగ్గు దుమ్ముతో దగ్గు పట్టుకుంది. ఇంట్లో అందరికీ ఆ పోటీ ఎంత ముఖ్యమో తెలుసు.

అవ్వ తానొక్కతే బస్సెక్కి వచ్చింది. అంతకుముందు కరీంనగర్‌కు ఒంటరిగా వచ్చింది లేదు. బాపుకు డ్యూటీ. ఆమె చేతిలో తడిగుడ్డ చుట్టిన చెంబు, అందులో మజ్జిగ కలిపిన జొన్న అంబలి. పొద్దున్నే చేసి, చల్లగా ఉండాలని దారి పొడుగునా గుడ్డ మీద నీళ్లు చల్లుకుంటూ వచ్చిందట.

కట్ట మీద రెండు కిలోమీటర్ల దారిని అటూ ఇటూ చుట్లు తిరగాలి. ఒకచోట నీళ్ల బల్ల వేశారు. సగం దాటేసరికి నేనూ ఇంకొక అమ్మాయీ అందరికంటే ముందున్నాం. నాకు ఒక్క ఎర్ర కార్డు కూడా పడలేదు. నా ఒళ్లు బాగుంది, కాలు బాగుంది, గెలుస్తానని నాకు తెలుస్తోంది. అవ్వ నీళ్ల బల్లకు చాలా దూరంలో, ఉన్న ఒక్క తుమ్మ చెట్టు నీడలో నిలబడింది. నన్ను చూసి రెండడుగులు ముందుకు వచ్చి చెంబు చాపింది. నేను తీసుకున్నాను. తాగాను. చెంబు పక్కన పెట్టి పోయాను. అందులో ఆలోచించేందుకు ఏముంది? పుట్టిన దగ్గర నుంచి ఆ చేతి నుంచే తీసుకుంటున్నాను.

కాసేపటికి ఒక అధికారి స్కూటర్ మీద వచ్చి నా ముందు ఆపి, పక్కకు రమ్మన్నాడు. బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా తినకూడదు, తాగకూడదట. అది నియమమట. అప్పట్లో మొదటిసారికే పోటీ నుంచి తీసేసేవాళ్లు. నేను నమ్మలేదు. మోకాలు వంగిందా సార్ అని అడిగాను. మోకాలు కాదు, చెంబు అన్నాడు.

నన్ను తీసేయడం వరకు సరే, నియమం నియమమే. నాకు కోపం దానికి కాదు. ఆ అధికారి అక్కడితో ఆగలేదు. అందరి ముందూ అవ్వ దగ్గరికి పోయాడు.

"ఎవలు రానిచ్చిండ్రు ఈమెను? బిడ్డ బతుకు నీ చేతులతోనే ఖరాబ్ చేస్తివి గదనమ్మా."

అవ్వకు ఏం జరిగిందో అర్థం కాలేదు. "ఎండకు దాని మొకం నల్లగయింది సారూ. గందుకే ఇచ్చిన" అంది. ఆయన చెయ్యి విదిలించి పోయాడు. అర్థమయ్యాక అవ్వ ఏడవలేదు. చెంబు తీసుకుని, మిగిలిన అంబలి కట్ట వారన మట్టిలో ఒంపేసింది. మంచిర్యాల దాకా బస్సులో ఖాళీ చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను మాట్లాడబోతే కిటికీ వైపు తిరిగింది.

చెప్పిన అనుకున్న

మరునాడు సాయిలు సారు ఇంటికి పోయాను. ఆ నియమం మీకు తెలుసా సార్ అని అడిగాను. తెలుసు అన్నాడు. నాకు ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పిన అనుకున్న సరోజా."

ఇదీ ఆయన జవాబు. ఇప్పుడు కూడా ఇది రాస్తుంటే నాకు తల తిరుగుతోంది. ఆయన చెడ్డ మనిషి కాదు. మోకాలు ఎక్కడ బిగించాలో, మడమ ఎట్లా వేయాలో, రోడ్డు వాలుగా ఉన్న వైపే రోజూ నడిస్తే ఒక తుంటి ఎట్లా పాడవుతుందో, అన్నీ ఆయన చెప్పినవే. నా నడకలో ఉన్న మంచి అంతా ఆయనది. గట్ల మీద నేను నీళ్లు తీసుకోవడం కూడా ఆయన పదిసార్లు చూశాడు. ఒక్క మాట చెప్తే పోయేది. పోటీకి ముందురోజు అధికారులు కూడా అందరినీ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడారు. బూట్ల గురించి, నంబరు గుడ్డ ఎట్లా కుట్టుకోవాలో, గెస్టు వచ్చినప్పుడు ఎట్లా నిలబడాలో చెప్పారు. చెంబు గురించి ఒక్కరూ చెప్పలేదు. ఎవరికి వారు ఇంకొకరు చెప్పారనుకున్నారు.

మా పనిలో ఇంతకంటే పెద్ద జబ్బు నేను చూడలేదు. తెలిసినవాడు చెప్పడు. తెలియనివాడు అడగడు. తప్పు జరిగాక అందరూ కలిసి, దానికి అతి తక్కువ సంబంధం ఉన్న మనిషిని తిడతారు.

మరుసటి సంవత్సరం నేను అదే కట్ట మీద గెలిచాను. జాతీయ పోటీలకు పోయాను, ఉద్యోగం వచ్చింది. కాబట్టి ఆ అధికారి అన్నట్టు నా బతుకేమీ ఖరాబు కాలేదు. అవ్వ మాత్రం ఆ మాట వదల్లేదు. పోటీకి రమ్మంటే రాదు. ఇంకా ఒకటి చేసేది. నేను పోటీకి బయల్దేరే రోజు నా చేతికి ఏదీ ఇచ్చేది కాదు. చాయ్ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టి వెనక్కి జరిగేది. నేను తీసుకోవాలి. అన్నం డబ్బా మంచం మీద పెట్టేది. మొదట్లో నాకు తెలియలేదు. తెలిశాక ఒకరోజు నిలదీశాను.

"నా చెయ్యి నీకు అచ్చిరాదు బిడ్డా" అంది. అంతే, లోపలికి పోయి బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకు పోటీ ఉన్నా లేకున్నా అదే అలవాటైపోయింది.

పంజాబ్ అన్న మెడలో కార్డు

జాతీయ పోటీల్లో ఒకసారి నీళ్ల బల్ల వెనక ఒక పొడుగాటి సర్దార్జీ నిలబడి ఉన్నాడు. మెడలో కార్డు. వాళ్ల చెల్లెలు నా పక్కనే నడుస్తోంది. ప్రతి చుట్టుకూ ఆమె సీసా ఆమెకు ఆయనే అందిస్తున్నాడు. పోటీ అయ్యాక నాకు వచ్చిన హిందీలో అడిగాను, మీరు అధికారా అని. కాదు, ఆమె అన్నను అన్నాడు. నడిచేవాళ్ల తరఫున ఎవరైనా సరే, ముందుగా అనుమతి కార్డు తీసుకుంటే బల్ల వెనక నిలబడి చేతికి అందించవచ్చు. ఇంట్లో చేసిన నిమ్మరసమైనా సరే. అదీ నియమంలోనే ఉంది.

నేను ఆ కాళ్లతోనే మా జట్టు మేనేజర్ దగ్గరికి పోయాను. మనకు కూడా ఇస్తారా సార్ ఆ కార్డు అని అడిగాను.

"అడిగితే ఇస్తరు. ఎవలడిగిండ్రు?" అన్నాడు ఆయన, అరటిపండు తింటూ.

ఒక్కసారి ఆలోచించండి. ఆ రోజు కట్ట మీద అవ్వ తుమ్మ చెట్టు కింద కాకుండా, మెడలో కార్డు వేసుకుని బల్ల వెనక నిలబడి, అదే చెంబు, అదే అంబలి, అదే చేత్తో ఇచ్చి ఉండొచ్చు. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. నేను రైల్లో వస్తూ ఆ మాటే అనుకుంటూ వచ్చాను. అవ్వకు చెప్తే ఆమె మనసు కుదుటపడుతుందని సంబరపడ్డాను.

ఆమె గోరుచిక్కుడు కాయలు తుంచుతూ అంతా విన్నది.

"అయితే?" అంది.

"అయితే నీ తప్పు కాదే అవ్వా."

"తప్పెవలిదైతేంది, చెయ్యి నాదే గద."

గోడకు తల కొట్టుకోవాలనిపించింది.

స్టేజీ మీద నడక

మా ఆఫీసులో ఆటల వ్యవహారాలు చూసే పెద్దసారు ఒకాయన ఉండేవాడు. పేరు అనవసరం, అలాంటివాళ్లు అన్ని చోట్లా ఉంటారు. అవ్వ పేరు మీద కార్డుకు అథ్లెటిక్స్ సంఘానికి ఒక ఉత్తరం రాసి పెట్టమని అడిగాను. ఎందుకు, మన అటెండర్ వస్తాడు కదా అన్నాడు. సరే, ఈసారికి అటెండరే రానీ అనుకున్నాను. ఆ అటెండర్ బల్ల వెనక నిలబడ్డాడు. నేను వస్తుంటే ఫోన్ మాట్లాడుతున్నాడు. సీసా ఆయన చంకలో ఉంది. నేను చెయ్యి చాపుకుంటూ దాటిపోయాను. ఆయన వెనక నుంచి నా పేరు పెట్టి పిలిచాడు, వెనక్కి రమ్మని. నడక పందెంలో వెనక్కి.

అదే పెద్దసారు కంపెనీ వేడుకల రోజున నన్ను స్టేజీ మీదికి పిలిచాడు. శాలువా కప్పి, జర నడిచి చూపియ్యమ్మా, అందరు సంతోషపడ్తరు అన్నాడు. ఆ స్టేజీ మా క్వార్టర్ హాలుకంటే కొంచెం పెద్దది. శాలువాతో ఆ చివరికి నడిచాను, ఈ చివరికి నడిచాను. జనం ఈలలు వేశారు. కింద మొదటి వరుసలో కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. పిల్లలకు నేను చెప్పేది ఒకటే. స్టేజీ మీద నడవమంటే నడవకండి. కాలు నొప్పి అని చెప్పండి. ఆ రోజు నేను చెప్పలేదు, చెప్పి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఉత్తరం మాత్రం ఆయన రాయలేదు. ఆయన బదిలీ అయ్యాక నేనే సంఘానికి పోయి అడిగాను. ఐదు నిమిషాల్లో ఇచ్చారు. ఇన్నేళ్లూ ఎందుకు అడగలేదమ్మా అని నన్నే అడిగారు. అవ్వ ఫోటో అతికించిన కార్డు నా సంచిలో ఉంది, అవ్వ మాత్రం రానంది. అట్లా ఇంకొన్ని పోటీలు గడిచాయి.

మంచమే బల్ల

నా తుంటి అరిగింది. ఇంక చాలని నాకే తెలిసింది. ఆఖరి పోటీ ఎక్కడ పెడతారో అనుకుంటే, మళ్లీ మానేరు కట్ట మీదే. ఇంట్లో చెప్పాను, ఇదే చివరిదని. అవ్వ వంటింట్లోకి పోయింది. బాపు అప్పటికి పని మానేసి మంచం మీదే ఎక్కువ ఉంటున్నాడు. దగ్గు ఆగాక ఆమెకు వినబడేట్టు అన్నాడు.

"నువ్వు పోకుంటే నేనే పోయి నిలబడ్త. నా చేతులు వణుకుతయి. చెంబు కింద పడేస్త. ఇగ నీ ఇష్టం."

అవ్వ బయటికి వచ్చింది. బాపును ఎగాదిగా చూసి, ఈ మనిషి చేతికిస్తే ఇంక బిడ్డకు దక్కినట్టే అని గొణిగింది. నా వైపు తిరిగి, "గా బల్ల ఎంత పొడుగుంటది?" అని అడిగింది.

వారం రోజులు మా క్వార్టర్ ముందు సాధన చేశాం. నులక మంచాన్ని అడ్డంగా వేసి బల్ల అనుకున్నాం. చెంబు వద్దు, నోరు వెడల్పు, ఒలుకుతుందని సీసా తెచ్చాను. అవ్వ ఒప్పుకోలేదు, అంబలి సీసాలో పోస్తే గొంతు దిగదు అంది. చివరికి చిన్న చెంబుకు ఒప్పుకుంది, సగం మాత్రమే పోసింది. చెయ్యి చాపి కదలకుండా ఉండాలి, నాతోపాటు పక్కన నడవకూడదు, మంచం దాటి ముందుకు రాకూడదు, వెనక్కి రాకూడదు. బాపు కుర్చీలో కూర్చుని జడ్జీ అయ్యాడు. తప్పు చేస్తే మోదుగాకు ఎత్తి చూపేవాడు. మొదటిరోజు అవ్వకు చాలాసార్లు మోదుగాకు చూపాడు, ఆమె ఆ ఆకు లాక్కుని బకెట్లో పడేసింది. పక్క క్వార్టర్లవాళ్లు గేట్ల దగ్గర నిలబడి చూశారు. ఈ ఇంట్లో అందరికీ పిచ్చి పట్టిందని వాళ్లు అనుకొని ఉంటారు.

సున్నం గీత

పోటీ రోజు అవ్వ పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుంది. కార్డు గాలికి ఎగరకుండా పిన్నీసుతో కొంగుకు గుచ్చుకుంది. బల్ల ముందు ఎక్కడి నుంచి ఇవ్వొచ్చో, ఎక్కడిదాకా ఇవ్వొచ్చో రోడ్డుకు అడ్డంగా సున్నంతో చెరో గీత గీశారు. ఆమె ముందే పోయి ఈ గీత దగ్గర, ఆ గీత దగ్గర నిలబడి చూసుకుంది. తుమ్మ చెట్టు ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మొదటి చుట్లు బాగా గడిచాయి. చెయ్యి సరిగ్గా చాచింది, కదల్లేదు, నేను తీసుకున్నాను. నా పక్కన నడిచే అమ్మాయిలు నా వయసులో సగం ఉన్నవాళ్లు. ముందుకు పోయారు, పోనిచ్చాను. చివరి చుట్ల దగ్గర ఎండ నెత్తి మీదికి వచ్చింది. తుంటిలో నొప్పి మోకాలిదాకా దిగింది, కళ్ల ముందు రోడ్డు తెల్లగా కనిపిస్తోంది. దూరంగా అవ్వ, ఆమె చేతిలో చెంబు. నాకు ఇంకేమీ కనిపించలేదు. మొదటి గీత ఇంకా రాకముందే చెయ్యి చాపాను.

అవ్వ చెంబు వెనక్కి లాక్కుంది. గుండెకు ఆనించి రెండు చేతులతో పట్టుకుంది.

చుట్టూ ఉన్న జనం అరిచారు. ఇయ్యవమ్మా, పడిపోతది పిల్ల, ఇయ్యి అని ఒకాయన బల్ల దాకా వచ్చాడు. ఎండలో పోయే పోస్ట్‌మాన్‌ను ఆపి మజ్జిగ ఇచ్చే మనిషి, కన్నబిడ్డ చెయ్యి చాపితే ఇవ్వలేదు. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. గొంతు మాత్రం గట్టిగా ఉంది.

"ఈడికి రా బిడ్డా. గీత దాటి వచ్చి తీస్కో. నేనేడికి పోతలేను."

ఆ కొన్ని అడుగులు నేను ఎట్లా వేశానో నాకు తెలియదు. గీత దాటాను. అప్పుడు చెయ్యి చాపింది, తీసుకున్నాను. చల్లగా ఉంది. తాగుతూనే నడిచాను. ఆ పోటీలో నాది నాలుగో స్థానం. మెడలో ఏమీ పడలేదు.

అయిపోయాక ఒక కుర్ర అధికారి అవ్వ దగ్గరికి వచ్చి మర్యాదగానే చెప్పాడు. నియమం మారింది అమ్మా, ఇప్పుడు మొదటిసారికి హెచ్చరికే, తీసెయ్యరు, ఇస్తే ఏమీ అయ్యేది కాదు అన్నాడు. మళ్లీ అదే రోగం, అంతా అయిపోయాక చెప్పడం. నేను గొంతెత్తబోయాను. అవ్వ నన్ను ఆపి, "గా హెచ్చరిక మాత్రం ఎందుకు పడాలె నా బిడ్డకు" అని, చెంబు కడుక్కోవడానికి పోయింది.

ఇప్పుడు నేను పిల్లలకు నడక నేర్పుతున్నాను. భైంసా నుంచి, ఇచ్చోడ నుంచి వస్తారు. ఎవరైనా కొత్తగా చేరితే కాళ్లు చూడను, ముందు ఇంట్లోవాళ్లను పిలిపిస్తాను. బల్ల వేసి, గీత గీసి, తల్లినో తండ్రినో దాని వెనక నిలబెడతాను. పిల్లను నడిపించి చూద్దామంటే వీళ్లను నిలబెడుతున్నదేంది అని సణుగుతారు. సణగనీ. ఇదొక్కటి చెప్పకుండా నేను ఏ పిల్లనూ రోడ్డు మీదికి పంపను. చెప్పిన అనుకున్న అనే మాట నా నోటి నుంచి రాకూడదు.

ఆఖరి పోటీ మర్నాడు పొద్దున నేను అరుగు మీద కూర్చుని కాళ్లకు నూనె రాసుకుంటున్నాను. అవ్వ చాయ్ తెచ్చింది. అలవాటుగా నేను పక్కకు జరిగాను, గ్లాసు పెట్టడానికి చోటు ఇద్దామని. ఆమె పెట్టలేదు. నిలబడే ఉంది. నేను తలెత్తితే, పట్టు అన్నట్టు గ్లాసు నా ముందు చాపింది. నూనె చేతులు లంగాకు తుడుచుకుని ఆమె చేతి నుంచి తీసుకున్నాను. చక్కెర వేయడం మరిచిపోయింది. చుక్క మిగల్చకుండా తాగేశాను.